గోనెపట్ట మీద వేపపూత

మా డ్రిల్ సారు పోయారని సుజాత ఫోను చేసినప్పుడు పామిడిలో మా కుట్టు షెడ్డులో ఆరు మిషన్లూ ఒకేసారి నడుస్తున్నాయి. మొదట ఏమీ వినపడలేదు. మిషన్లు ఆపమని చెయ్యి ఊపి, మళ్ళీ చెప్పమన్నాను. పొద్దున నడకకు పోయి వచ్చి, కాఫీ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి, కాసేపు కూర్చుంటానని భార్యతో చెప్పి అరుగు మీద కూర్చున్నారట. ఆమె ఇల్లు ఊడ్చి బయటికి వచ్చేసరికి అయిపోయింది.

సుజాత ఎనిమిదో తరగతిలో నా బెంచీ మీద కూర్చున్న మనిషి. ఇప్పుడు కంబదూరు దగ్గర మా ఊళ్ళోనే అంగన్‌వాడీలో పనిచేస్తోంది. అది నెమ్మదిగా, "పోయినప్పుడు గూడా నిటారుగానే కూర్చోనుండాడంట మే. గోడకు ఆనుకోలేదంట," అంది. నాకు నవ్వొచ్చింది. దానికీ వచ్చింది. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.

మీకు ఆయన తెలియదు. మా మండలం దాటితే తెలిసినవాళ్ళు తక్కువ. సన్నగా, పొడుగ్గా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, మెడలో నల్లతాడుకు విజిలు. మాకు వ్యాయామం నేర్పడానికి వచ్చిన మనిషి. నా బతుకంతా సూదీ దారమే కావడానికి కారణం ఆయనేనని చెబితే కొత్తవాళ్ళు నమ్మరు. అందుకే రాస్తున్నాను.

తొంభైల చివర్లో మా బడిలో కుట్టుపని నేర్పే టీచరమ్మ బదిలీ మీద వెళ్ళిపోయింది. ఆ కుర్చీలోకి మళ్ళీ ఎవరూ రాలేదు. అదే ఏడు, శివరాత్రి దాటిన వారంలో, డ్రిల్ పీరియడులో ఒక పిల్ల కళ్ళు తిరిగి గ్రౌండులో పడిపోయింది. మా వైపు శివరాత్రికి చలి పోతుందంటారు గానీ, చలి పోయి ఎండ రావడానికి మధ్య వ్యవధి ఉండదు. పదిగంటలకే ఎర్రమట్టి అరికాళ్ళను కాలుస్తుంది. సారు ఆ పిల్లను ఎత్తుకొచ్చి, కుండలో నీళ్ళు తాపించి, మర్నాటి నుంచి మమ్మల్ని ఉత్తరం వైపు వరండాలో వరసగా కూర్చోబెట్టారు. హెడ్మాస్టరు వచ్చి, ఒంటిపూట బడి మొదలయ్యేదాకా వీళ్ళతో ఏం చేయిస్తావప్పా అని అడిగారు. కూర్చోబెట్టి డ్రిల్ చేయిస్తానని సారు అన్నారు.

మర్నాడు ఆయన సైకిలు వెనక గోనెసంచులు, చేతిలో ఉన్నిదారం ఉండలు, జేబులో దబ్బనాలు. సారు వాళ్ళ నాయన గొర్రెలు మేపి గొంగళ్ళు నేసిన మనిషి. గొంగడి మగ్గం మీంచి సన్నటి పట్టెలుగా దిగుతుంది. ఆ పట్టెల్ని పక్కపక్కన పరిచి ఉన్నిదారంతో కలిపి కుడితేనే కప్పుకునేంత వెడల్పు వస్తుంది. ఆ కుట్టే పని చిన్నప్పుడు సారుది. పరుగుపందేలకంటే ముందు ఆయన చేతికి వచ్చింది సూదేనన్న సంగతి మాకు ఆ రోజే తెలిసింది.

గుడ్డ కొనడానికి బడిలో డబ్బు లేదు. ఆ ఏడు శెనక్కాయ పంట రాలేదు గానీ ఖాళీ గోతాలకు మాత్రం ఏ ఇంట్లోనూ కొదవ లేదు. గోనెపట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నిలువు పోగులు, అడ్డం పోగులు, వాటి మధ్య గళ్ళు లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడతాయి. గడి లెక్కపెట్టుకుంటూ ఉన్నిదారంతో నింపుకుంటూ పోతే బొమ్మ తేలుతుంది. అదీ పని.

మగపిల్లలు మొండికేశారు. మేము కుట్లేంది సారూ అని ఒకడు లేచి నిలబడ్డాడు. సారు వాడి చేతిలో దబ్బనం పెట్టి, "దీనికి తెలిసింది రెండేరా. మొన, బెజ్జం. పట్టుకున్నోడు ఎవురని అది అడగదు," అన్నారు. వాడు కూర్చున్నాడు.

ఇక మొదలైంది విజిలు. ఒకసారి ఊదితే సూది కిందికి, రెండోసారి ఊదితే పైకి. నలభై మందిమి ఒకేసారి చేతులెత్తేవాళ్ళం. పక్క తరగతిలో లెక్కలు చెప్పే సారు కిటికీలోంచి చూసి తల పట్టుకున్నాడు. మూడు రోజులకు మాకు వరస అలవాటై విజిలు అక్కర్లేకపోయింది. కుట్టు గడి మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా పడాలి, అన్నీ ఒకే వైపుకు వాలాలి. ఒక్కటి అటు వాలినా సారు కంటికి ఆనేది. "వరసలో ఎవురో ఎడమ దిక్కు సూస్తాండారు," అని నవ్వుతూ గోరుతో చూపించేవారు.

దారం మూర పొడవు మించకూడదు, మించితే చిక్కుపడుతుంది, గోనె పీచుకు రాసుకుని నూగు పోతుంది. మొదట ముడి వేయకూడదు. కొస కొంచెం వెనక్కి వదిలి, నాలుగు కుట్ల కింద దాన్నే దాచాలి. బిగించి లాగకూడదు, ఉన్ని పొంగి గడి నిండాలి, లాగితే పట్ట ముడుచుకుని బొమ్మ వంకర పోతుంది. ఇవన్నీ ఈరోజుకీ మా షెడ్డులో కొత్తగా చేరిన అమ్మాయిలకు చెబుతూనే ఉంటాను. అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం ఆయన మాటల్లోనే చెప్పాలి. మేము బొమ్మ తీసుకుపోయి చూపిస్తే ముందు వైపు చూసేవారు కాదు. "ముందర అందరూ సక్కగానే ఉంటారు. ఎనక్కి తిప్పు," అనేవారు. వెనక దారాలు అడ్డదిడ్డంగా ఉంటే విప్పించేవారు. తిట్టేవారు కాదు. పక్కన కూర్చుని ఆయనా విప్పేవారు.

నాకు ఇంకో చిక్కు ఉండేది. నాది ఎడమచేతి వాటం. ఇంట్లో అమ్మ ఆ చేతి మీద కొట్టి కొట్టి మాన్పించాలని చూసింది. కుడిచేత్తో దబ్బనం పడితే నాకు గడి దొరకదు. ఎడమచేత్తో కుడితే కుట్లు తిరగబడి వాలుతున్నాయి. రెండు రోజులు విప్పిందే విప్పి, మూడోరోజు పట్ట మడిచి ఒళ్ళో పెట్టుకుని ఊరకే కూర్చున్నాను. సారు అది చూసి ముందుకు పోయారు. మర్నాడు ఆయన ఎడమచేతి రెండు వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని వచ్చారు. ఇంటి దగ్గర కూర్చుని ఎడమచేత్తో కుట్టి చూసుకున్నారని ఆ పేలికలే చెప్పాయి. నాకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, తనను అద్దం అనుకోమన్నారు. నా పట్టను నిలువుది అడ్డంగా తిప్పారు. అటు నుంచి ఎడమచేత్తో కుట్టుకుంటూ వచ్చి, అయ్యాక మళ్ళీ తిప్పి చూస్తే నా కుట్లు కూడా అందరి కుట్లలాగే వాలి ఉన్నాయి.

"చెయ్యి మార్చుకోవాల్సిన పనిలేదు పాపా. పట్ట తిప్పుకుంటే సరిపోతుంది," అన్నారు.

ఆ రోజు ఇంటికి పరుగెత్తుకుంటూ పోయి అమ్మకు చూపించాను. అమ్మ పట్ట అందుకుని చాలాసేపు చూసింది. ఆ తర్వాత నా చేతి మీద ఎప్పుడూ కొట్టలేదు.

ఉగాదికి ముందు జిల్లా కేంద్రంలో బడిపిల్లల చేతిపనుల పోటీ ఉంటుందని కబురు వచ్చింది. సారు నాలుగు గోనెపట్టలు కలిపి కుట్టి, బొగ్గుతో బొమ్మ గీశారు. అడుగున మా ఊరి ఎర్రగుట్టలు, ఒక పక్క మోదుగ, నడిమధ్యన పెద్ద వేపచెట్టు. ఒక్కో కొమ్మ కుట్టడానికి ఇద్దరు ముగ్గురు పిల్లలు. ఎడమ వైపుకు వాలిన కింది కొమ్మ నా ఒక్కదానిదే, అటు నుంచి కుట్టడం నాకే వీలు గనక.

వేపాకు రంగేమిటని సారు అడిగితే అందరం పచ్చ అన్నాం. ఆయన బయటికి పోయి ఒక రెమ్మ తుంచుకొచ్చారు. కొసన ఉన్న చిగురు పచ్చగా లేదు, రాగిచెంబు తోమినట్లు ఎర్రగా మెరుస్తోంది. పుట్టినప్పటి నుంచి ఆ చెట్ల కిందే తిరుగుతున్నాం, ఒక్కరమూ చూడలేదు. అప్పటి నుంచి కుట్టే ముందు చెట్టు దగ్గరికి పోయి రావాలన్నది రూలు. కానుగ లేతాకు ఎంత పచ్చగా ఉంటుందో, చింతచిగురులో ఎరుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మేము ఆ నెలలోనే చూశాం. వానలు లేని ఏడు కూడా మా వైపు చెట్లు వసంతాన్ని ఎగ్గొట్టవని నాకు అప్పుడే తెలిసింది.

రంగులకు కష్టపడ్డాం. గుట్ట దగ్గర రాలిన మోదుగపూలు ఏరుకొచ్చి, పటిక వేసి ఉడికించి, ఆ నీళ్ళలో తెల్ల ఉన్ని ముంచితే బంగారు పసుపు వచ్చింది. ఎర్రటి చిగురుకు పాత దుప్పటి అంచు విప్పాం. పచ్చదారం ఎక్కడా దొరక్క, సారు తన భార్య స్వెటరు పట్టుకొచ్చారు. పెళ్ళయిన కొత్తలో ఆటలపోటీలకు పోయినప్పుడు ఊటీలో కొన్నదట. ఆ అమ్మ మాకు మజ్జిగ ఇస్తూ, "మన ఊర్లో దీన్ని ఒక్కనాడు గూడా తొడుక్కోలేదు. కొనిచ్చిందీ ఆయప్పే, పీకిందీ ఆయప్పే," అని నవ్వింది. వేపపూతకు మాత్రం వేరే కుట్టు. దారాన్ని సూది చుట్టూ రెండుసార్లు చుట్టి, పక్క బెజ్జంలోనే దింపితే పైన చిన్న గింజలా ముడి నిలుస్తుంది. అలాంటి తెల్లటి గింజలు వందలు కుట్టాలి.

నా కొమ్మకు ఆకులు సగం పడ్డాయో లేదో, నాయన బడికి వచ్చాడు.

రెండేళ్ళ పంట పోయింది. బోరులో నీళ్ళు పోయాయి. బెంగళూరులో కట్టడం పనికి మేస్త్రీ పిలుస్తున్నాడని, అందరం పోతున్నామని నాయన ముందురోజే చెప్పాడు. వరండా చివర నిలబడి, చెప్పులు విడిచి, పాపను తీసుకుపోతానన్నాడు. సారు వద్దనలేదు. పరీక్షల సంగతి ఎత్తలేదు. ఉపన్యాసాలు చెప్పే మనిషి కాదు. ఎప్పుడు తిరిగొస్తారని మాత్రం అడిగారు.

"వానొస్తే వస్తాం సారూ. రాకుంటే ఏమని చెప్పేది," అన్నాడు నాయన.

"వానొస్తే విత్తనమేసేకి వస్తావు గదన్నా. వచ్చేటప్పుడు పాపను ఆడ వదిలిపెట్టొద్దు. ఈయమ్మి పని ఈడ సగంలో ఉండాది."

నాయన చెట్టు బొమ్మ వైపు చూశాడు. నేను దబ్బనం పట్టకు గుచ్చేసి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత బడిలో జరిగింది సుజాత చెప్పగా తెలిసింది. పోటీకి నాలుగు రోజుల ముందు చెట్టంతా పూర్తయింది, నా కొమ్మ తప్ప. రెండు రోజుల పని, ఎవరో ఒక పిల్ల చేత నింపించమని హెడ్మాస్టరు చెప్పారు. సారు ఒప్పుకోలేదు. బహుమతి వచ్చే బొమ్మను చేజేతులా పాడు చేస్తున్నావని హెడ్మాస్టరు కోపం చేశారు. అప్పుడు సారు పిల్లలందరూ వినేలాగే అన్నారట, "ఇంకొకరితో కుట్టిస్తే ఆ పాప రాదని మనమే ఒప్పుకున్నట్ల గదా సార్. నేను ఒప్పుకోను."

బొమ్మ అలాగే పోటీకి పోయింది. చూడ్డానికి వచ్చిన పెద్దలు అందరూ మెచ్చుకుని, ఈ కొమ్మ ఏమైందని అడిగారట. బిడ్డ ఊరికి పోయింది, వస్తుంది అని సారు జవాబు. బహుమతి వేరే బడికి వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పిల్లలు మొహాలు వేలాడేసుకుంటే, సారు అందరికీ బేరమాడి ఐసుపుల్లలు కొనిపెట్టి, కూర్చున్నచోటే పాటలు పాడించారట.

బెంగళూరులో మేము కడుతున్న మేడ పక్కనే రేకుల షెడ్డులో ఉండేవాళ్ళం. నేను తమ్ముణ్ణి చూసుకుంటూ ఇసుక జల్లించేదాన్ని. ఒకరోజు టీ అంగడాయన కార్డు ముక్క తెచ్చి ఇచ్చాడు. చిరునామా మేస్త్రీ పేరు మీద, టీ అంగడికి. సారు నాయన దగ్గర ఆ రోజే అడిగి రాసుకున్నారని అప్పుడు తెలిసింది. కార్డు మీద చిన్న చెట్టు బొమ్మ, ఎడమ కొమ్మ సగం ఖాళీ. కింద నాలుగే మాటలు: నీ కొమ్మ అట్లే ఉంది. ఎవరినీ ముట్టనివ్వలేదు. పచ్చదారం తీసిపెట్టినాను. నాన్నకు నమస్కారాలు.

నాయనకు చదువు రాదు. చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. చివరి మాట దగ్గర, సారు నాకు నమస్కారం పెట్టినాడా అని అడిగి, కార్డు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

జూన్‌లో ఊరి వైపు వాన పడిందని తెలిసి మూటలు కట్టుకున్నాం. అప్పుడు మేస్త్రీ వచ్చి, పాపను ఇక్కడే వదిలిపో, బట్టల ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే పనికి పెట్టిస్తా, నెలనెలా జీతం వస్తుంది అన్నాడు. అమ్మ నాయన వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆ జీతం మాకు ఎంత అవసరమో నాకూ తెలుసు. నాయన కాసేపు బీడీ తిప్పుతూ నిలబడి అన్నాడు:

"లేదప్పా. ఆ పిల్లకు ఊర్లో పని ఉండాది. సగం చెట్టు నిలబెట్టి వచ్చింది."

తన బిడ్డ గురించి మా నాయన అంత గట్టిగా మాట్లాడడం నేను మొదటిసారి విన్నాను. బస్సులో కిటికీ పక్క సీటు కూడా నాకే ఇచ్చాడు.

బడి తెరిచిన రోజు పోతే గోనెపట్ట వరండా గోడకు వేలాడుతోంది, నేను గుచ్చిన చోటే దబ్బనం. సారు గడియారం చూసి, ఆలస్యమైంది, కూర్చో అన్నారు, నేను ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చినట్లు. హెడ్మాస్టరుతో మాట్లాడి నాకు విడిగా పరీక్ష పెట్టించారు. వారం రోజుల్లో కొమ్మ పూర్తి చేశాను. మిగతా చెట్టంతా ఎండకు కాస్త వెలిసింది, నా దారం మాత్రం పెట్టెలో ఉన్నది గనక కొత్తగా ఉంది. నా కొమ్మ ఒక్కటే వేరుగా మెరుస్తుంటే నాకు సిగ్గేసి, విప్పేస్తానన్నాను. సారు వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ ముందుకు తిప్పి, "ఆలస్యంగా వచ్చినోళ్ళు రవంత మెరిస్తే ఏం పోయింది," అన్నారు.

పదో తరగతి దాకా ప్రతి ఏడు శివరాత్రి దాటగానే వరండాలో సూదులు బయటికి వచ్చేవి. ఆ తర్వాత నేను అనంతపురంలో టైలరింగు నేర్చుకుని, పామిడిలో నైటీలు కుట్టే పనికి చేరి, రెండు మిషన్లతో సొంతంగా మొదలుపెట్టాను. షెడ్డు తెరిచిన రోజు సారు బస్సెక్కి వచ్చారు. వేలాడదీసిన నైటీలన్నిటినీ వరసగా తిరగేసి, లోపలి కుట్లు చూసుకుంటూ పోయారు. కొనడానికి వచ్చిన అంగడాయన ఈయనెవరో పెద్ద వ్యాపారి అనుకుని కుర్చీ వేశాడు.

మొన్న ఆయన్ను సాగనంపడానికి నేను, సుజాత కలిసే వెళ్ళాం. పాత పిల్లలు చాలామంది వచ్చారు. జనం తోసుకుంటుంటే ఆయన భార్య గుమ్మంలోంచి, "వరసలో రాండప్పా, ఆయనకు వరస తప్పితే కోపం," అంది. ఏడుస్తున్నవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుని రెండు వరసలు కట్టారు. ఆనాడు కుట్లేమిటని లేచి నిలబడినవాడు ఇప్పుడు బస్సు కండక్టరు. నన్ను పక్కకు పిలిచి తన టికెట్ల సంచీ పట్టీ చూపించాడు, తెగితే తానే కుట్టుకున్నాడట. నేను అడగకముందే వెనక్కి తిప్పాడు. సారు ఉంటే విప్పించేవారు కాదు.

నేను ఆయన్ను ప్రాణంతో చివరిసారి చూసింది పోయిన మాఘమాసంలో. ఊరికి వెళ్ళి, పొద్దున్నే బడి ముందు నుంచి నడుస్తుంటే గ్రౌండులో ఒక్కరే కనిపించారు. రిటైరై అప్పటికి చాలా ఏళ్ళు. వాలీబాల్ వల గాలికి చినిగిపోతే, ఎవరూ అడగకుండానే సుతిలి తాడు తెచ్చుకుని, రెండు గుంజల మధ్య నిలబడి కుట్టుకుంటున్నారు. నన్ను చూసి ఎప్పుడొచ్చావని అడగలేదు. ఆ కొస పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. ఎండ అప్పుడే గుట్ట దాటి వల మీద పడింది. వల నీడ ఆయన తెల్లచొక్కా మీద గళ్ళుగళ్ళుగా పరుచుకుంది. గాలి వచ్చినప్పుడల్లా ఆ గళ్ళు భుజాల మీద అటూ ఇటూ కదిలేవి. ఆయన మాత్రం నిటారుగా నిలబడి, నోట్లో తాడు కొస పట్టుకుని, ఒక్కొక్క ముడే వేసుకుంటూ నా వైపు వస్తున్నారు.